పదమూడు అడుగులు

12 జూన్ 2024, బుధవారం

బడులు తెరిచిన రోజు. పొద్దున ఏడు ముప్పావుకు మా చౌరస్తాలో ఒక పిల్లకు దెబ్బ తగిలింది.

రెండు గల్లీల అవతలి పిల్ల. ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. కొత్త యూనిఫాం, సెలవుల్లో కొన్న సైకిల్. దక్షిణం గల్లీలోంచి ఆ పిల్ల వచ్చింది, పడమటి నుంచి పార్సిళ్లు మోసే కుర్రాడి బండి వచ్చింది. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. బ్రేకు కీచుమన్నది ముందా, పిల్ల కేక ముందా అంటే చెప్పలేను. ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో స్టీరింగ్ పట్టినవాడిని. చప్పుడును బట్టి వేగం తెలుస్తుంది. నలభైకి తక్కువ లేదు.

పదిమంది మూగారు. సగం మంది ఫోన్లు తీశారు. పిల్లను లేపడానికి మాత్రం ఎవరి చేయీ ముందుకు రాలేదు. ‘పోలీసు కేసైతది’ అని ఎవరో అన్నారు. అప్పుడే ఎయిర్‌పోర్టు కిరాయి మీద పోతున్న ఒక క్యాబ్ ఆగింది. డ్రైవరు వెనక డోరు తీసి ‘ఎక్కించుండ్రి కాకా’ అన్నాడు. లోపల కూర్చున్నాయనకు విమానం ఉంది. ఆయన ముందు సీట్లోకి మారి ‘ముందు దవాఖానకే పోనియ్యి’ అన్నాడు. ఆయన విమానం అందుకున్నాడో లేదో తెలియదు.

మణికట్టు విరిగింది. ఆరు వారాల పట్టీ. అంతకు మించి ఏమీ కాలేదు, దేవుడి దయ.

సాయం చేసినవాళ్లను పోలీసులు సతాయించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్‌గా అదే మాట చేర్చారు. డిపోలో సేఫ్టీ క్లాసులో విన్నాను. అక్కడున్న పదిమందిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

13 జూన్ 2024, గురువారం

టీ బండి దగ్గర తీర్పులు అయిపోయాయి. సగం మంది కుర్రాడిదే తప్పన్నారు. సగం మంది పిల్లకు సైకిల్ కొనిచ్చిన తండ్రిదన్నారు. ఒకాయన గ్రహాల దాకా పోయాడు.

కుర్రాడు రాత్రి పిల్ల వాళ్లింటికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడట. ఇరవై ఏళ్లుంటాయి. ‘కనవడలే అంకుల్, గోడ దాటినంకనే కనవడ్డది’ అని ఏడ్చాడని పిల్ల తండ్రి చెప్పాడు. పిల్ల కూడా అదే అన్నది. ఇద్దరూ ఒకే మాట అంటున్నప్పుడు తప్పు ఎవరిదని వెతకడం కన్నా ఏది కనబడలేదని వెతకడం నయం.

మొన్న ఏప్రిల్ చివర గొల్లపల్లి వైపు ఎయిర్‌పోర్టు గోడ దగ్గర చిరుత కనిపించింది. అడవిశాఖ వాళ్లు కెమెరాలు పెట్టారు, బోన్లు పెట్టారు, మేకలను ఎర కట్టారు. మే మొదటి వారంలో దాన్ని పట్టి నల్లమల వైపు పంపారు. ఆ నాలుగైదు రోజులు ఊరంతా పొద్దుగూకకుండానే తలుపులేసుకుంది. పిల్లలను బయటికి పంపలేదు. ఈ చౌరస్తాలోకి మాత్రం అదే పిల్లలను రోజూ పొద్దునా సాయంత్రం పంపుతున్నాం. చిరుతకు మచ్చలుంటాయి, దూరం నుంచి గుర్తుపట్టొచ్చు. దీనికి లేవు.

18 జూన్ 2024, మంగళవారం

నిన్న బక్రీద్ సెలవు. ఇవాళ పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా కిరాణం సేఠు అరుగు మీద కూర్చుని చూశాను. బస్సులో ముప్పై ఏళ్లు రోడ్డును చూశాను కానీ, రోడ్డు పక్కన కూర్చుని రోడ్డును చూడడం ఇదే మొదలు.

రెండూ 30 అడుగుల రోడ్లే. ఏదీ పెద్దది కాదు, ఏదీ చిన్నది కాదు. ఈశాన్యం వైపు టిఫిన్ బండి, దాని చుట్టూ నిలబెట్టిన మోటారు సైకిళ్లు. ఆగ్నేయం మూల కరెంటు స్తంభానికి పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ, సరిగ్గా స్కూటర్ మీద కూర్చున్నవాడి కంటి ఎత్తులో. వాయవ్యంలో రాత్రి డ్యూటీ చేసి పడుకున్న డ్రైవరు క్యాబ్. నైరుతిలో మూలమీది ఇంటి ప్రహరీ, ఆరడుగుల ఎత్తు, దాని మీద మల్లె తీగ. నాలుగు మూలలూ నాలుగు తెరలు.

ఆ గంటలో హారన్ కొట్టుకుంటూ దూసుకుపోయినవాళ్లు లెక్కకు అందలేదు. నెమ్మదించి రెండు పక్కలా చూసి పోయినవాళ్లు నా రెండు చేతుల వేళ్లకు సరిపోయారు. వాళ్లలో సగం మంది ఆడవాళ్లు, వెనక పిల్లలను కూర్చోబెట్టుకున్నవాళ్లు.

ఒకప్పుడు ఇక్కడ ఇంత బండి లేదు. నేను అఫ్జల్‌గంజ్ నుంచి శంషాబాద్ బస్సు నడిపిన రోజుల్లో ఊరు దాటితే జొన్న చేలే. 2008 మార్చి 23న విమానాశ్రయం మొదలైంది. అదే ఏడాది గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగు రోడ్డు తొలి ముక్క తెరిచారు. మరుసటేడు మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. అవన్నీ మంచి రోడ్లే. వాటికి ఇంజినీర్లున్నారు, బోర్డులున్నాయి, రాత్రి మెరిసే గీతలున్నాయి. కానీ విమానం ఎవరింటి ముందూ ఆగదు కదా. అందులో పనిచేసేవాళ్లు, దాన్ని ఎక్కేవాళ్లు, వాళ్లకు అన్నం, పార్సిలు మోసేవాళ్లు అందరూ చివరి కిలోమీటరు ఇలాంటి గల్లీల్లోనే తిరగాలి. హైవే జామయిందంటే ఫోను వాళ్లకు మా కాలనీ దారి చూపిస్తుంది. ఫోనుకు గోడలు కనబడవు.

జాతీయ రహదారుల మీద ‘బ్లాక్ స్పాట్’ అనడానికి ఒక లెక్కుంది. అర కిలోమీటరు ముక్కలో మూడేళ్లలో చావో పెద్ద దెబ్బలో తగిలిన ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పదిమంది చనిపోవాలి. మా చౌరస్తా ఆ లెక్కలోకి ఎన్నటికీ రాదు. రాకూడదు కూడా. లెక్కలోకి వచ్చేదాకా ఆగితే మాత్రం దాని అర్థం ఏమిటో నాకు తెలుసు. 2022 ఒక్క ఏడాదిలో దేశం రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో ఏ ఊరి ఏ మూల ఎంతమందిని మింగిందో ఎవరు రాసిపెట్టారు?

23 జూన్ 2024, ఆదివారం

మేస్త్రీ దగ్గర దారం ఉండ అడిగి తెచ్చాను. సేఠు సాయం పట్టాడు.

పిల్ల సైకిల్ పోయిన దారిలో, గోడకు నాలుగడుగుల ఎడంగా, మూలకు ఆరడుగుల ఇవతల నేను వంగి నిలబడ్డాను, సైకిల్ మీది పిల్ల కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో అంత. సేఠు దారం కొస పట్టుకుని, పడమటి నుంచి బండ్లు వచ్చే జాడలో, నాకు కనిపించేదాకా నడిచాడు. దారం గోడ మూలకు రాసుకుంటూ పోయింది. అతను నాకు కనబడినచోట సుద్దతో గీత గీశాం. మూల నుంచి టేపు పెట్టి కొలిస్తే పదమూడు అడుగులు.

నలభైలో వచ్చే బండి సెకనుకు 36 అడుగులు పోతుంది. మనిషి చూసి, కాలు బ్రేకు మీదికి పోవడానికే సెకను కావాలి. అంటే బ్రేకు పడకముందే ఆ బండి పదమూడు అడుగులను దాదాపు మూడుసార్లు దాటుతుంది. బ్రేకు పడ్డాక ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో 35 అడుగులు. మొత్తం 71. ముప్పైలో వస్తే 47 చాలు. పదమూడు అడుగుల్లో ఆగాలంటే మాత్రం పరుగెత్తే మనిషి కన్నా నెమ్మదిగా రావాలి.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. వాడికీ పిల్లకూ మధ్య ఉన్నది గోడ.

టేపు చుడుతూ సేఠు నా ముఖంలోకి చూసి ఏదో అనబోయాడు. ‘ఎండ ఎక్కువైంది డ్రైవర్ సాబ్, లోపలికి పోండ్రి’ అని ఊరుకున్నాడు.

30 జూన్ 2024, ఆదివారం

కాలనీ మీటింగు. గుడి వరండాలో. ముప్పై మంది వచ్చారు. నలుగురు మాట్లాడారు, ఇరవై ఆరుగురు ఒకే మాట అన్నారు: ‘బ్రేకర్ ఏపియ్యాలె.’

నేను చూపు సంగతి, దారం సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. విన్నాక మళ్లీ ‘అదే, బ్రేకర్ ఏస్తే అయిపోతది’ అన్నారు. మనకు జ్వరమొస్తే గోలీ, రోడ్డుకు జబ్బు చేస్తే బ్రేకర్.

దరఖాస్తు రాసే పని నాకు అప్పజెప్పారు.

4 జూలై 2024, గురువారం

దరఖాస్తు చేరకముందే బ్రేకరు మొలిచింది. రాత్రికి రాత్రి ఎవరో, స్లాబు వేసుకుంటున్న ఇంటి ముందు మిగిలిన కాంక్రీటు తెచ్చి చౌరస్తాకు పది అడుగుల ముందు అడ్డంగా పోశారు. కర్ర మొద్దు పడుకున్నట్టుంది. రంగు లేదు, బోర్డు లేదు.

స్పీడ్ బ్రేకరుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ఎప్పుడో చెప్పింది. ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంటే చాప పరిచినట్టు మెల్లగా లేచి మెల్లగా దిగాలి. దాని మీద పాతికలో పోతే బండికీ నడుముకూ నొప్పి ఉండదు, అంతకు మించి పోతే తెలుస్తుంది. ముందే 40 మీటర్ల దూరంలో బోర్డు ఉండాలి, మీద తెల్ల గీతలుండాలి. బ్రేకరు పని బండిని కుదపడం కాదు, బ్రేకరు కనిపించగానే డ్రైవరు కాలు యాక్సిలరేటర్ మీంచి లేపించడం. కనబడని బ్రేకరు బ్రేకరు కాదు, గుంట. పైకి లేచిన గుంట.

6 జూలై 2024, శనివారం

అనుకున్నంతా అయింది. రాత్రి ఎనిమిదింటికి, కరెంటు పోయినప్పుడు, కొడుకు స్కూటర్ మీద వెనక కూర్చున్న ముసలవ్వ ఎగిరి పడింది. మోచేయి చెక్కుకుపోయింది. తలకు తగిలి ఉంటే రాసే సంగతి వేరేగా ఉండేది.

పొద్దున్నే వాళ్లే, రాత్రి పోసినవాళ్లే అయి ఉంటారు, గడ్డపారలతో పగలగొట్టారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

14 జూలై 2024, ఆదివారం

టిఫిన్ బండి దగ్గర పోరగాళ్లకు పరీక్ష పెట్టాను. ‘రెండు రోడ్లూ సమానం. సిగ్నల్ లేదు, పోలీసు లేడు. ఇటు నువ్వు, అటు నేను. ఎవరు ఆగాలె?’

‘హారన్ కొట్టినోడు ముందుగాల పోతడు.’

‘పెద్ద బండి ముందు కాకా.’

‘ఎవడు భయపడ్తే ఆడు ఆగాలె.’

ఆ మూడో జవాబుకు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా రోడ్ల అసలు చట్టం అదే.

కాయితం మీద చట్టం వేరే ఉంది. 1989 రహదారి నిబంధనల్లో స్పష్టంగా రాశారు: పెద్ద రోడ్డుగా ప్రకటించిన దారిలోకి వస్తుంటే ఆ దారిన పోయేవాళ్లకు, లేకపోతే నీ కుడిచేతి వైపు నుంచి వచ్చేవాళ్లకు, దారి ఇవ్వాలి. హకీంపేటలో ట్రైనింగులో ఇది మాకు నోటికొచ్చేదాకా చెప్పించారు. 2017లో కొత్త నిబంధనలు వచ్చినా, కూడలి ముందు నెమ్మదించాలన్న మాట మారలేదు. ఈ లెక్కన ఆ రోజు పిల్ల కుర్రాడికి కుడి వైపు నుంచి వచ్చింది. ఆగవలసినవాడు కుర్రాడే.

ఈ మాట చెప్పగానే ఒక పోరగాడు అడిగాడు: ‘మరి కుడి దిక్కు గోడే ఉంటె ఎవరి కోసం ఆగాలె కాకా, గోడ కోసమా?’

జవాబు చెప్పకుండా టీ డబ్బులిచ్చి వచ్చేశాను.

21 జూలై 2024, ఆదివారం

స్కూలు బస్సుల సంగతి రాసిపెట్టాలి. నిన్న ఒక బస్సు చౌరస్తాలో ఎడమకు తిరుగుతుంటే ఒక తల్లి పిల్లాడి చేయి పట్టుకుని మూలకు ఆనుకుని నిలబడింది. రోడ్డు అంచునే ఉన్నాను కదా అనుకుంది. నేను అరిచి వెనక్కు లాగాను. ఆమెకు కోపం వచ్చింది.

పొడుగు బండి తిరిగేటప్పుడు ముందు చక్రం పోయిన జాడలో వెనక చక్రం పోదు. లోపలికి కోసుకుంటూ వస్తుంది. ముందు భాగం మనల్ని దాటిపోయింది కదా అనుకుంటాం. వెనక చక్రం మన కాలి మీదికి వస్తుంది. కొత్త డ్రైవర్లకు బస్సు తిప్పడం నేర్పేటప్పుడు మొదట చెప్పేది ఇదే: మూల మీద మనిషుంటే ఎడమ అద్దంలో వాడు కనిపించేదాకా తిప్పొద్దు. మూల ఎంత ఇరుకైతే వెనక చక్రం అంత లోపలికి వస్తుంది. అందుకే తిరగడానికి మూల విశాలంగా ఉండాలి, నిలబడడానికి మనుషులు మూల నుంచి వెనక్కి ఉండాలి.

ముప్పై ఒక్క ఏళ్లలో నాకు పెద్ద ప్రమాదం లేదు. ఇందులో నా తెలివి కొంత, అదృష్టం చాలా.

28 జూలై 2024, ఆదివారం

పట్నంలో లాల్‌దర్వాజ బోనాలు. ఇంట్లో నేనూ నా భార్యే. రాత్రి కొడుకు జెర్సీ సిటీ నుంచి ఫోన్ చేశాడు. వాడుండే ఊరి పక్కనే హొబోకెన్ అని అరవై వేల జనం ఉన్న చిన్న పట్నం. ఇరుకు వీధులు, పాత ఇళ్లు, కార్లు కిక్కిరిసి ఉంటాయట. 2017 జనవరి తర్వాత అక్కడి వీధుల్లో బండి ప్రమాదంలో ఒక్కరూ చనిపోలేదట. ఏం చేశారురా అని అడిగాను. ‘చాలా చేసిండ్రు నానా, గనీ మొదలు చేసింది మూల మీద బండ్లు ఆపకుండ చేసుడు. స్తంభాలు పాతిండ్రు, చెట్ల కుండీలు పెట్టిండ్రు. మూల మొత్తం ఖాళీ. దాటెటోడు కనవడాలె, దాటెటోనికి కనవడాలె’ అన్నాడు. కాలిఫోర్నియాలోనైతే ఇప్పుడు చట్టమే వచ్చిందట, నడిచి దాటే చోటుకు ఇరవై అడుగుల లోపు బండి నిలపొద్దని.

మన 1989 నిబంధనల్లోనూ కూడలి దగ్గర, మలుపు దగ్గర బండి నిలపొద్దని ఉంది. ఇంకో మాట కూడా ఉంది. 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాలు, జీవో 168, మూల ప్లాటులో ఇల్లు కట్టేవాడు చౌరస్తా వైపు మూలను ఏటవాలుగా కోసి రోడ్డుకు వదలాలి అంటాయి. ఎందుకో ఆ జీవో చదివినవాళ్లలో చాలామందికి తెలియదు. తిరిగే బండికి జాగా కోసం, చూసే కంటికి దారి కోసం.

ఇక ఇది రాయాలి. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఆరు వారాలుగా రాయకుండా దాటేస్తున్నాను. జూన్ 18న నాలుగు మూలలూ రాసి, టిఫిన్ బండి అని రాశాను, ఫ్లెక్సీ అని రాశాను, క్యాబ్ అని రాశాను. నైరుతిది మాత్రం ‘మూలమీది ఇంటి ప్రహరీ’ అని రాశాను. ఎవరి ఇల్లో రాయలేదు.

మా ఇల్లే. 2009లో నేనే దగ్గరుండి కట్టించిన గోడ. కుక్కలు దూకుతాయని నాలుగడుగులది ఆరు చేయించాను. జీవో నా గోడ తర్వాత వచ్చింది. ఆ మాట ఆ పిల్ల మణికట్టుకు చెప్పగలనా?

సేఠు ఆ రోజు అనబోయింది ఇదే. పోరగాడు టిఫిన్ బండి దగ్గర అన్నదీ ఇదే.

29 జూలై 2024, సోమవారం

ఆమెకు చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత కోప్పడింది. ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టింది.

చౌరస్తాకు నైరుతిలో ఉన్న ఇల్లు మాది, కాబట్టి చౌరస్తా మాకు ఈశాన్యంలో ఉంది. ‘ఈశాన్యం మూల కోస్తరా? ఎవరన్న కోసుకుంటరా? ఉన్న ఒక్క కొడుకు అంత దూరం ఉన్నడు’ అన్నది. మల్లె తీగ మాట ఎత్తలేదు. అది ఆమె పదిహేనేళ్లుగా పెంచినది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. చట్టం చెప్పొచ్చు, లెక్క చెప్పొచ్చు. నలభై ఏళ్ల కాపురంలో ఈశాన్యాన్ని లెక్కలతో గెలిచినవాడు నాకు తెలియదు.

2 ఆగస్టు 2024, శుక్రవారం

ఆమే గెలిపించింది.

పొద్దున పూలు కోస్తూ గోడ వంక చాలాసేపు చూసింది. లోపలికి వచ్చి అన్నది: ‘ఇగో, ఈశాన్యం కోయొద్దంటరు గనీ, ఈశాన్యం బరువుండొద్దని గూడ అంటరు కదా. పల్లముండాలె, తేలిగ్గుండాలె, ఖుల్లా ఉండాలె. మీరేమో అక్కడ ఆరడుగుల గోడ లేపి తీగ ఎక్కించిండ్రు. జాగ పోకుండ గోడ దించుండ్రి.’

మూల కోయనక్కర లేదు, గోడ దించితే చాలు. నాకు తట్టలేదు. దారం కోసం ఊరంతా తిరిగాను, శాస్త్రం ఇంట్లోనే ఉంది.

‘గనీ ఆషాఢం పోనియ్యుండ్రి’ అన్నది.

11 ఆగస్టు 2024, ఆదివారం

శ్రావణం రాగానే మేస్త్రీ, ఇద్దరు కూలీలు వచ్చారు. మూల నుంచి రెండు వైపులా పదేసి అడుగులు గోడ కోసి రెండున్నర అడుగులకు దించారు. మీద సన్నటి ఊచల గ్రిల్, అడ్డం లేకుండా. మల్లె తీగను వేళ్లతో తీసి దక్షిణం గోడకు మార్చాం. బతుకుతుందో లేదో.

ఆ సాయంత్రం సేఠు తనంతట తానే దారం ఉండ పట్టుకొచ్చాడు. అదే చోటు, అదే ఎత్తు. దారం దించిన గోడ మీదుగా పోయింది. సేఠు నడుస్తూనే ఉన్నాడు. ‘ఇంకా కనవడ్తున్ననా?’ అని అరుస్తూ పోయాడు.

57 అడుగులు.

ముప్పైలో వచ్చే బండికి 47 చాలు. నలభైలో వచ్చేదానికి 57 చాలవు. కాబట్టి సగం పనే అయింది. చూపు మా చేతిలో ఉంది, గోడ దించాం. వేగం డ్రైవరు కాలిలో ఉంది. చాప లాంటి బ్రేకరు, ముందు బోర్డు, చౌరస్తాకు నాలుగు వైపులా ఆగే గీత. ఈ మూడింటికీ కొలతలు వేసి, బొమ్మ గీసి, ముప్పై మంది సంతకాలతో దరఖాస్తు ఇచ్చాం. రసీదు ఈ పుటకు అతికించాను.

గోడ దించాక మిగతా మూలలకు చెప్పడం తేలికైంది. టిఫిన్ అన్న బండిని ఇరవై అడుగులు వెనక్కి జరుపుకున్నాడు. గిరాకీ తగ్గలేదన్నాడు. క్యాబ్ అతను ఇప్పుడు గల్లీ లోపల పెడుతున్నాడు. ఫ్లెక్సీ ఎవరు విప్పారో తెలియదు, ఒక పొద్దున లేదు.

1 సెప్టెంబరు 2024, ఆదివారం

నిన్నటి నుంచి ఒకటే వాన. బడులకు సెలవంటున్నారు. ఖమ్మం వైపు మున్నేరు పొంగి ఇళ్లు మునిగాయట. టీవీ చూస్తే మనసు పాడవుతోంది.

చౌరస్తాలో మోకాలి లోతు నీళ్లు. బండ్లన్నీ అంచులు వదిలి రోడ్డు నడుమ నుంచే పోతున్నాయి. తడి రోడ్డు మీద ఆగే దూరం ఎంత పెరుగుతుందో డ్రైవర్లకు చెప్పనక్కర లేదు. ఇక్కడ పొడి లెక్కలు పనిచేయవు. 57 అడుగులకు వానాకాలం రేటు వేరు.

8 సెప్టెంబరు 2024, ఆదివారం

నిన్న చవితి. ఏటా మండపం చౌరస్తా మూలకు ఆనించి వేస్తారు, నాలుగు దిక్కుల నుంచీ దేవుడు కనబడాలని. ఈసారి వెయ్యకముందే పోరగాళ్లే వచ్చి అడిగారు. ‘కాకా, ఎంత లోపలికి జరపాలె?’ నేను దారం తీయబోతే నవ్వి, ‘ఇరవై అడుగులు జరిపినం’ అన్నారు. గోడ కోసం ఆగాలా అని నన్ను అడిగిన పోరగాడే వాళ్లకు పెద్ద.

వినాయకుడికి విఘ్నాలు తీసేవాడని పేరు. ఆయన మండపమే విఘ్నం కాకూడదు కదా అని ఆమె అన్నది. ఆమె మాటలు ఈ పుస్తకంలోకి ఎక్కువ వస్తున్నాయి.

12 అక్టోబరు 2024, శనివారం

దసరా. కాలనీలో బండ్లన్నిటికీ పూజ. చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిల్‌కు బంతిపూలు. నేను ఇన్నేళ్లు డిపోలో బస్సుకు పూజ చేయించినవాడినే, కాదనను. పూజకు ముందు బ్రేకు చూసుకో, తలకు హెల్మెట్ పెట్టుకో అని మాత్రం జమ్మి ఇస్తూ ప్రతి పోరగాడికీ చెప్పాను. కొందరు విన్నారు.

సాయంత్రం ఆ పిల్ల తండ్రితో వచ్చి నాకూ ఆమెకూ జమ్మి పెట్టి కాళ్లు మొక్కింది. పట్టీ ఎప్పుడో తీసేశారు. మణికట్టు కొంచెం వంకరగా అతికింది, రాసేటప్పుడు నొప్పి పెడుతుందట. సైకిల్ మళ్లీ తొక్కుతోంది. గోడ దగ్గరికి రాగానే కాలు కింద పెట్టి రెండు పక్కలా చూసి పోతానని చెప్పింది. కుర్రాడు ఆ కంపెనీ పని మానేసి కార్గో గోదాములో చేరాడట.

మల్లె బతికింది. దక్షిణం గోడ మీద నాలుగు కొత్త చిగుళ్లు వేసింది.

దరఖాస్తు రసీదు పుటకు అతికించే ఉంది. బ్రేకరు ఇంకా రాలేదు, గీతలు రాలేదు. రేపు మళ్లీ వెళ్లి అడుగుతాను, ఎల్లుండి కూడా. అంతదాకా మా మూల నుంచి పడమటి బండి 57 అడుగుల దూరంలో కనిపిస్తుంది. జూన్ 12న పదమూడు.